పార్స్నిప్ మొలవని మడి: ఒక అలాట్‌మెంట్ కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లో తోటపని చేసేవాళ్లని పార్స్నిప్ విత్తనం గురించి అడిగితే, "అదృష్టం ఉంటే మొలుస్తుంది" అంటారు చాలామంది. ఆ మాట నేను ఒప్పుకోను. మొలవని గింజ వెనక ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. లోపం గింజలో ఉందా, నేలలో ఉందా అన్నది ముందు తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. కోవెంట్రీ శివార్లలోని మా అలాట్‌మెంట్‌లో, అంటే కూరగాయలు పండించుకోవడానికి ముక్కలుగా అద్దెకిచ్చే తోట స్థలంలో, ఒక తెలుగు జంట మడిలో వరసగా రెండేళ్లు పార్స్నిప్ మొలవలేదు. మూడో ఏడు ఆ మడిలోనే కారణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూశాం. ఈ దేశంలో పెరటి సాగు మొదలుపెట్టే మనవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే విసిగి వదిలేస్తున్నారు కాబట్టి, చేసినదంతా వివరంగా రాస్తున్నాను.

పార్స్నిప్ ఎరగనివాళ్లకి రెండు ముక్కలు. క్యారెట్ ఆకారంలో, మీగడ రంగులో, తల దగ్గర లావుగా ఉండే దుంప ఇది. క్యారెట్, ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. వసంతంలో విత్తి చలికాలంలో తవ్వుకుంటారు. బాగా చలిపడి మంచు కురిశాక దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారి తియ్యదనం వస్తుంది. చక్కెర అందరికీ అందని రోజుల్లో యూరప్‌లో తీపి కోసం దీన్ని వాడేవారు. ఇప్పటికీ ఇక్కడివాళ్ల క్రిస్మస్ భోజనంలో ఓవెన్‌లో కాల్చిన పార్స్నిప్ ఉండాల్సిందే.

మడి, మనుషులు

అతనిది తెనాలి వైపు, ఐటీ ఉద్యోగం. ఆమె ఒక ఫార్మసీలో పనిచేస్తుంది. పేరు రాయించుకుని చాలాకాలం ఎదురుచూశాక వాళ్లకి సగం ప్లాట్ దొరికింది. ఇక్కడ అలాట్‌మెంట్లని ఇప్పటికీ పాతకాలపు పోల్ లెక్కలో చెబుతారు. పది పోళ్లంటే సుమారు 250 చదరపు మీటర్లు, వీళ్లది అందులో సగం. మెంతికూర, కొత్తిమీర, బంగాళాదుంప, చిక్కుడు అన్నీ చక్కగా వచ్చాయి. స్కూల్లో తిని వచ్చిన వాళ్ల అమ్మాయికి పార్స్నిప్ ఇష్టమని ప్రత్యేకంగా ఒక మడి కట్టారు. ఆ ఒక్క మడే ఖాళీగా ఉండిపోయింది.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకుని, కొంతకాలం విత్తన పరీక్షల పని చేశాను. మా సైట్‌లో కొత్తగా చేరినవాళ్లకి నేల గురించీ విత్తనాల గురించీ తెలిసినంత చెబుతుంటాను. ఆ చనువుతోనే అతను వచ్చి అడిగాడు.

"అక్కా, ఈ విత్తనం మనకి అచ్చిరాలేదు. ఈ ఏడు మడి తీసేసి వెల్లుల్లి పెట్టేద్దామనుకుంటున్నాం."

"తీసేద్దువులే తమ్ముడూ. ముందు ఆ ప్యాకెట్ ఒకసారి పట్రా, చూద్దాం."

ప్యాకెట్ తెచ్చాడు. అది మొదటి ఏడాది కొన్నదే. సగం వాడి, పైన మడతపెట్టి, ప్లాట్‌లోని చెక్క షెడ్‌లో అలమరా మీద పెట్టారు. వేసవిలో ఆ షెడ్ లోపల ఎండకి ఉడికిపోతుంది, చలికాలంలో గోడలు చెమ్మగిల్లుతాయి. రెండో ఏడు విత్తింది ఆ మిగిలినదాంట్లోంచే. రెండేళ్లూ ప్యాకెట్ మీద రాసిన ప్రకారం ఫిబ్రవరి ఆఖర్లోనే విత్తారు. నేల ఎర్రటి బంకమట్టి. విత్తిన రోజు పైపుతో తడిపి, ఆ తర్వాత వానకి వదిలేశారు. ఏప్రిల్‌లో కలుపు కనబడితే మడంతా దంతెతో గీశారు.

ఇంత విన్నాక నాకు అయిదు అనుమానాలు వచ్చాయి. గింజ చచ్చిపోయి ఉండాలి. లేదా నేల చల్లగా ఉండి గింజ కుళ్లిపోయి ఉండాలి. లేదా మధ్యలో ఎండి మొలక చచ్చి ఉండాలి. లేదా మట్టి పైన గట్టిపడి మొలక బయటికి రాలేకపోయి ఉండాలి. లేదా వచ్చిన మొక్కలే కలుపుతోపాటు పోయి ఉండాలి. మొదటి ఏడు కారణం ఒకటై, రెండో ఏడు ఇంకొకటై ఉండొచ్చు కూడా. అంచనాలు కట్టడం మానేసి పరీక్ష పెట్టి చూద్దాం అనుకున్నాం.

గింజని దగ్గరగా చూస్తే

అరచేతిలో వేసుకుంటే పార్స్నిప్ గింజ ఒక చిన్న ఎండుటాకు ముక్కలా కనిపిస్తుంది. గోధుమ రంగు, అర సెంటీమీటరు పైచిలుకు పొడవు, పల్చటి బిళ్ల, చుట్టూ కాగితం లాంటి అంచు. ఊపిరి కాస్త గట్టిగా వదిలితే చాలు, లేచిపోతుంది. అందుకే గాలి వీచే రోజున దీన్ని విత్తకూడదు. వెలుతురుకి ఎత్తి చూస్తే బిళ్ల మీద నిలువుగా నాలుగు ముదురు చారలు కనిపిస్తాయి. అవి నూనె గొట్టాలు. నలిపితే వచ్చే ఘాటు వాసన వాటిదే.

నిజానికి ఇది కాయలో సగం. ధనియాలు నలిపితే రెండు బద్దలవుతాయి కదా, ఇదీ అంతే. పండగానే రెండుగా విడిపోతుంది. మన నల్లరేగడి చేలల్లో ధనియాలు వేసే రైతు వాటిని నలిపి బద్దలు చేసి విత్తుతాడు. ఆ పని పార్స్నిప్ తనంతట తనే చేసుకుంటుంది.

మొలవడానికి అన్ని రోజులు ఎందుకంటే, గింజ రాలే నాటికి లోపలి పిండం ఇంకా పూర్తిగా ఎదగదు. గింజ ఒక కొసన సన్నటి నలుసులా ఉంటుంది. తడి తగిలాక అది ముందు గింజలోనే పెరగాలి, ఆ తర్వాతే వేరు బయటికి వస్తుంది. చిక్కుడు గింజ నీళ్లు తాగి నాలుగైదు రోజుల్లో పగులుతుంది. పార్స్నిప్‌కి ఆ ఎదుగుదల అంతా తడిలోనే జరగాలి. అన్నాళ్లూ తడి తెగకూడదు. తెగితే లోపల సగం ఎదిగిన పిండం ఎండిపోతుంది, పైనుంచి చూసేవాడికి ఏమీ తెలీదు.

గింజ ఆయుష్షు కూడా తక్కువే. టమాటా విత్తనం నాలుగైదేళ్లు నిలవ ఉంటుంది. పార్స్నిప్ విత్తనం ఏడాది దాటితే చాలా వేగంగా నీరసించిపోతుంది, వేడీ చెమ్మా తగిలితే ఇంకా ముందే. అందుకే ఇక్కడి పెద్దవాళ్లు ఏటా కొత్త ప్యాకెట్ కొంటారు. కొన్న రోజునే మిగతాది పారెయ్యడానికి సిద్ధపడి కొనాల్సిన విత్తనం ఇది.

కాగితం మీద పరీక్ష

మన దగ్గర వేరుశనగ, వరి రైతులు విత్తే ముందు కాసిని గింజల్ని తడి గోనెసంచిలోనో న్యూస్‌పేపర్ చుట్టలోనో పెట్టి మొలక శాతం చూసుకుంటారు. విత్తన పరీక్షల ల్యాబుల్లోనూ తడి కాగితమే ఆధారం. ఇక్కడా అదే చేశాం. టేక్‌అవే భోజనం వచ్చే ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీసుకుని, అడుగున కిచెన్ పేపర్ రెండు మడతలు వేసి, తడిపి, డబ్బా వంచి మిగిలిన నీళ్లు ఒంపేశాం. నీళ్లు నిలిస్తే గింజకి గాలి ఆడదు, బూజు పడుతుంది. ఒకదాంట్లో పాత ప్యాకెట్ గింజలు, ఇంకోదాంట్లో అదే రకం కొత్త ప్యాకెట్ గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి మూత పెట్టాం. రకం టెండర్ అండ్ ట్రూ. హైబ్రిడ్ కాదు, కాబట్టి తర్వాత మన విత్తనం మనం కట్టుకోవచ్చు. డబ్బాల్ని వంటింట్లో ఒక అలమరాలో, 18 నుంచి 20 డిగ్రీలుండే చోట పెట్టమన్నాను. బాయిలర్ పక్కన పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

దానికో లెక్క ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హారింగ్టన్ తయారుచేసిన కూరగాయ విత్తనాల పట్టిక ప్రకారం పార్స్నిప్ మొలక నేల పైకి రావడానికి 5 డిగ్రీల్లో దాదాపు 57 రోజులు, 10 డిగ్రీల్లో 27, 15 డిగ్రీల్లో 19, 20 డిగ్రీల్లో 14 రోజులు పడుతుంది. అక్కణ్ణించి వేడి పెంచినకొద్దీ లాభం ఉండదు. 30 డిగ్రీల్లో మళ్లీ నెల దాటుతుంది, 35 డిగ్రీల్లో అసలు మొలవదు. మన మైదాన ప్రాంతాల్లో తొలకరికి విత్తే పంట ఇది ఎందుకు కాలేదో ఈ ఒక్క వరస చూస్తే అర్థమవుతుంది.

రెండో వారం గడిచేసరికి కొత్త గింజల్లో తెల్లటి వేరు మొనలు కనిపించడం మొదలైంది. మూడో వారం ఆఖరికి కొత్తవాటిలో మూడొంతులు మొలిచాయి. పాతవాటిలో ఒకటీ అరా తప్ప అన్నీ అలాగే ఉండి మెత్తబడి, చుట్టూ బూడిద రంగు బూజు కట్టింది.

రెండో ఏడాది సంగతి అక్కడికక్కడే తేలిపోయింది. ఆ ఏడు మడిలో వాళ్లు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఫలితం మారేది కాదు. అతని భార్య డబ్బాలోకి చూసి, "అంటే మేం విత్తింది పొట్టు అన్నమాట అక్కా" అంది. మొదటి ఏడు కొత్త గింజే వేసినా ఎందుకు రాలేదన్నది మాత్రం ఇంకా మిగిలే ఉంది. దానికి జవాబు మడిలోనే వెతకాలి.

నాలుగు సాళ్లు

మడిని అరచెయ్యిన్నర లోతున ముల్లుపారతో వదులు చేసి, రాళ్లు ఏరేశాం. ఎరువు వెయ్యలేదు. పచ్చి పశువుల ఎరువు తగిలితే తల్లివేరు చీలి దుంప పంగలు పంగలుగా వస్తుంది. ముందటేడు బంగాళాదుంపకి వేసిన ఎరువు సారం పార్స్నిప్‌కి సరిపోతుంది. నేల పులుపు (pH) చూస్తే 6 దాటి కాస్త ఉంది. కొద్దిగా సున్నం చల్లాం.

సాలుకీ సాలుకీ మధ్య 30 సెంటీమీటర్లు వదిలి నాలుగు సాళ్లు గీశాం. మొదటి సాలులో పాత ప్యాకెట్ గింజ, మార్చి మొదట్లో. రెండో సాలులో కొత్త గింజ, అదే రోజు. మూడో సాలులో కొత్త గింజ, ఏప్రిల్ మధ్యలో. నాలుగో సాలులో కొత్త గింజనే డబ్బాలో మొలకెత్తించి, మూడో సాలు వేసిన రోజునే. ప్రతి సాలునీ రెండు సగాలు చేశాం. ఒక సగంలో గింజ మీద మడిలోని మట్టినే కప్పాం, ఇంకో సగంలో జల్లించిన కంపోస్ట్ కప్పాం. లోతు అన్నిచోట్లా ఒకటిన్నర సెంటీమీటరు లోపే. పొడి గింజలు 15 సెంటీమీటర్లకి ఒకచోట మూడేసి వేసి, ఆ చోట్ల మధ్య ముల్లంగి గింజ ఒక్కొక్కటి పెట్టాం.

ముల్లంగి సంగతి చెప్పాలి. అది వారం పది రోజుల్లో మొలిచి సాలు ఎక్కడుందో చూపిస్తుంది. కలుపు తీసేవాడి చెయ్యి అక్కడ ఆగుతుంది. పార్స్నిప్ మొదటి ఆకులు సన్నగా, పొడుగ్గా, రిబ్బన్‌లా ఉంటాయి. కొత్తిమీర మొలక చూసినవాళ్లకి గుర్తుపట్టడం తేలిక, చూడనివాళ్లకి గడ్డిలా కనిపిస్తుంది. రంపపు అంచున్న గుండ్రటి అసలు ఆకు వచ్చేదాకా దంతె పెట్టకుండా ఉండాలి. పార్స్నిప్ నిలదొక్కుకునేసరికి ముల్లంగి కూరకి అందుతుంది కాబట్టి చోటు వృథా కాదు.

నాలుగో సాలుకి డబ్బాలో గింజల్ని మార్చి ఆఖర్లో పెట్టాం. పదో రోజు దాటాక రోజూ చూడాలి. తెల్ల మొన బియ్యపుగింజలో సగమంత బయటికి రాగానే అది విత్తడానికి సిద్ధం. ఇంకా ఆగితే వేరు కాగితంలోకి చొచ్చుకుపోతుంది. లాగితే మొన తెగుతుంది. మొన తెగితే దుంప చీలుతుంది. పట్టుకోవాల్సింది పొట్టుని, వేరుని కాదు. తడిపిన పెయింట్ బ్రష్ కొనకి గింజ దానంతటదే అంటుకుంటుంది. అలా ఒక్కొక్కటీ ఎత్తి, తడిపిన సాలులో వేలి వెడల్పంత లోతున గుంట చేసి పడుకోబెట్టి కప్పాం. వేరు కిందికా పైకా అని టెన్షన్ పడక్కర్లేదు, దాని దారి అది చూసుకుంటుంది. అన్నీ ఒకేసారి మొలవవు కాబట్టి ఆ సాలు విడతలు విడతలుగా నిండింది.

సాలు పొడుగైతే ఒక్కొక్క గింజా పెట్టడం విసుగే. అలాంటివాళ్లకి మా వార్విక్‌షైర్‌లోనే ఒక ఉపాయం పుట్టింది. వెల్స్‌బోర్న్‌లోని కూరగాయల పరిశోధన కేంద్రంలో 1970లలో మొలకెత్తిన గింజల్ని జిగురులో కలిపి సాలులో పోసే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఇంట్లో అయితే చల్లారిన కార్న్‌ఫ్లోర్ గంజిలో మొలకల్ని మెల్లగా కలిపి, ప్లాస్టిక్ కవర్ మూల కత్తిరించి సాలు వెంబడి పిండుకుంటూ పోవచ్చు. వాల్‌పేపర్ జిగురు వాడొచ్చని కొందరంటారు. దాంట్లో బూజుమందు కలిపి ఉంటే మొలక చస్తుంది, కాబట్టి నేను గంజి వైపే.

విత్తాక అన్ని సాళ్ల మీదా తడిపిన గోనెపట్ట పరిచాం. ఏప్రిల్‌లో ఇక్కడ తూర్పు గాలి వీస్తే వాన లేకుండా రోజులు గడుస్తాయి. నేల పైన వేలెడు మందం ఎండిపోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. గోనె మీద సాయంత్రం ఒక క్యాన్ నీళ్లు చల్లితే ఆ తడి నిలుస్తుంది. మొదటి మొలక కనబడగానే గోనె తీసెయ్యాలి. మొలిచేదాకా రోజూ అంచు ఎత్తి చూసే బాధ్యత వాళ్ల అమ్మాయి తీసుకుంది.

ఏ సాలు ఎలా వచ్చింది

పాత గింజ సాలు ముల్లంగి తప్ప ఏమీ ఇవ్వలేదు. అది అనుకున్నదే.

మార్చి సాలు నన్ను బాగా ఆలోచింపజేసింది. విత్తిన రోజున నేల థర్మామీటర్‌లో 6 డిగ్రీలు కూడా లేదు. ఏప్రిల్ మూడో వారందాకా ఏమీ కనబడలేదు. ఆ తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి. సగానికి సగం చోట్లు ఖాళీ. ఏప్రిల్ మధ్యలో, నేల 10 డిగ్రీలు దాటాక పొడి గింజ వేసిన మూడో సాలు మే మొదటి వారంలో లేచింది. అంటే ఆరు వారాలు ముందు విత్తినందుకు దక్కింది రెండు వారాల ముందరితనం. దానికి బదులుగా సగం గింజలు చల్లటి తడి మట్టిలో కుళ్లిపోయాయి. మొలకెత్తించి పెట్టిన నాలుగో సాలు ఏప్రిల్ ఆఖరికే బయటపడింది, దాదాపు మార్చి సాలుతో సమానంగా. అందులో ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఖాళీలూ గింజ మొలవక వచ్చినవి కావు. గట్టు పక్కనున్న రాళ్ల కింది నత్తలు రాత్రికి రాత్రి కొరికేసినవి.

ప్యాకెట్ మీద ఫిబ్రవరి అని ఎందుకు రాస్తారని అతను అడిగాడు. దక్షిణాన ఇసుక నేలలున్నచోట, గొడుగు కింద పెట్టినట్టు వెచ్చగా ఉండే తోటల్లో ఫిబ్రవరి పనికొస్తుంది. మధ్య ఇంగ్లండ్ బంకమట్టిలో ఆ నెల నేల ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. నా సలహా ఒకటే: క్యాలెండర్ పక్కన పెట్టి, పొద్దున్నే నేలలో థర్మామీటర్ గుచ్చి వారం పాటు చూడండి. 8 డిగ్రీలకి తగ్గకుండా ఉంటేనే గింజ ముట్టుకోండి. ఆలస్యమైందన్న బెంగ అక్కర్లేదు. మే మొదట్లో విత్తినా పార్స్నిప్ దుంప కడుతుంది, పైగా ముందు విత్తినదానికంటే తల దగ్గర నల్లగా కుళ్లే క్యాంకర్ తెగులు తక్కువ వస్తుంది.

పెచ్చు కింద

ఈ కేసులో నాకు ముఖ్యమనిపించింది మూడో సాలు. ఒకే గింజ, ఒకే రోజు, ఒకే తడి. కంపోస్ట్ కప్పిన సగం పచ్చగా లేచింది, మడి మట్టి కప్పిన సగంలో చాలాచోట్ల ఏమీ లేదు. విత్తిన తర్వాత వారంలో ఒకరోజు జోరువాన పడి, వెంటనే రెండు రోజులు ఎండ కాసింది. గోనెపట్ట ఒకవైపు గాలికి తొలగిపోయి మట్టి నేరుగా ఎండకి ఎదురైంది.

ఖాళీగా ఉన్నచోట కూరలు తరిగే కత్తి మొన పెట్టి మట్టిని లేపాను. పైమట్టి నాణెం మందాన పెచ్చులా ఊడి వచ్చింది. దాని కింద మొలకలున్నాయి. కాడ పైకి రావడానికి తోసి తోసి, దారిలేక మడత పడి, పెచ్చు అడుగునే అడ్డంగా పాకింది. ఆకులు విప్పుకోకుండానే పసుపుపచ్చగా మారిపోయాయి. కొన్ని అప్పటికే చచ్చిపోయాయి, ఒకటి రెండు ఇంకా బతికే ఉన్నాయి. వాటి పైన పెచ్చు తీసి నీళ్లు చల్లితే మూడో రోజుకి పచ్చబడ్డాయి. పార్స్నిప్ మొలక చాలా సన్నది. చిక్కుడు మొలకలా మట్టిని పగలగొట్టుకుని రాలేదు.

అతను అక్కడే కూర్చుని చాలాసేపు ఆ పెచ్చు ముక్కని తిరగేసి చూశాడు. "మొదటి ఏడు ఇలాగే అయ్యుంటుంది అక్కా. మొలిచి కూడా మాకు కనపడలేదు." అయ్యుండొచ్చు. ఆ ఏడు చలీ ఉంది, పెచ్చూ ఉంది, ఏప్రిల్‌లో దంతే తిరిగింది. వాటిలో ఏది ఎంత నష్టం చేసిందో ఇప్పుడు వేరుచేసి చెప్పలేం. కానీ బంకమట్టి ఉన్నవాళ్లకి ఈ మడి ఒక్క మాట ఖాయంగా చెబుతోంది: గింజ మీద తవ్విన మట్టి కప్పకండి. జల్లించిన కంపోస్టో, ఇసుక కలిపిన ఆకు ఎరువో వేలి వెడల్పంత మందం వేస్తే చాలు. ఒక బస్తా కంపోస్ట్‌తో ఇలాంటి మళ్లు నాలుగైదు గట్టెక్కుతాయి.

ఇదే బాధ తప్పించుకోవడానికి టాయిలెట్ పేపర్ అట్టగొట్టాల్లో విత్తి, గొట్టంతో సహా నాటేవాళ్లు మా సైట్‌లో చాలామందే ఉన్నారు. మొలక బాగా వస్తుంది, కాదనను. కానీ పార్స్నిప్ పైన రెండు ఆకులు కనబడేసరికి కింద తల్లివేరు చాలా దూరం దిగిపోతుంది. గొట్టం అడుగు తాకితే వంగి చీలుతుంది. మొలక కనిపించిన వారంలోనే నాటగలిగితే సరే. వారాంతాల్లో మాత్రమే ప్లాట్‌కి రాగలిగే ఉద్యోగస్తులకి దీన్ని నేను చెప్పను.

మొలిచాక

తర్వాతి నెలల్లో పని తక్కువ. చోటుకి మూడేసి లేచినచోట ఒత్తు మొక్కల్ని పీకకుండా కత్తెరతో మొదలుకి కత్తిరించాం. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది, నలిగిన ఆకు వాసనకి దుంపని పాడుచేసే క్యారెట్ ఈగ వస్తుంది. సన్న కన్నాల వల కప్పి అంచులు మట్టిలో కప్పెట్టాం. వేసవిలో వాన లేని వారాల్లో బాగా తడిసేలా ఒకసారి నీళ్లు పెట్టారు. రోజూ కాస్త కాస్త చల్లితే వేరు పైపైనే తిరుగుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పార్స్నిప్ ఆకు రసం ఒంటికి అంటి దాని మీద ఎండ పడితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది, మచ్చ నెలల తరబడి పోదు. ఆకుల్లో చెయ్యి పెట్టేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్ ఉండాలి. సాయంత్రం పూట చేసుకోవడం ఇంకా మంచిది. పిల్లల్ని ఆకులు కొయ్యనివ్వకూడదు. గోనె అంచు ఎత్తి చూసిన అమ్మాయిని జూన్ తర్వాత ఆ మడి దగ్గరికి రానివ్వలేదు.

నవంబర్‌లో నాలుగైదు రాత్రులు మంచు కురిశాక తవ్వడం మొదలుపెట్టారు. నాలుగో సాలు దుంపలు చాలామటుకు నిటారుగా, మూరకి కాస్త తక్కువగా దిగాయి. రాయి తగిలినచోట ఒకటి రెండు చీలాయి. మార్చి సాలువి దూరం దూరంగా ఉండటంతో లావెక్కాయి, కానీ లోపలి దూట గట్టిపడింది, రెండింటికి భుజాల మీద క్యాంకర్ మచ్చలున్నాయి. క్రిస్మస్‌కి పొరుగు ప్లాట్ పెద్దాయనకి ఒక కట్ట ఇచ్చారు. ఇంట్లో నూనె, జీలకర్ర, కారం పట్టించి ఓవెన్‌లో కాల్చుకున్నారు. ఊరినుంచి వచ్చిన వాళ్లత్తగారు తురిమి పాలల్లో ఉడికించి క్యారెట్ హల్వా పద్ధతిలోనే చేశారు. చక్కెర సగం వేస్తే సరిపోయిందట. పప్పుచారులో మాత్రం తీపి ఎక్కువైందన్నారు.

వచ్చే ఏడాదికి

మిగతా దుంపల్ని నేలలోనే ఉంచి కావలసినప్పుడల్లా తవ్వుకుంటున్నారు. ఫిబ్రవరి ఆఖరికి మళ్లీ చిగురు వేస్తే దుంప పీచు తేలుతుంది, ఆలోపు ఖాళీ చెయ్యాలి. నాలుగో సాలులో బాగున్న దుంపల్ని కొన్నిటిని విత్తనానికి వదలమన్నాను. ఒక్కదాన్నే వదిలితే విత్తనం ఏటికేడు బలహీనపడుతుంది. తవ్వి ఆకారం చూసి, నిటారుగా ఉన్నవాటినే మడి చివర్న తిరిగి పాతారు. రెండో ఏడు అవి మనిషెత్తు లేచి, సోంపు పువ్వులాగే పసుపు గొడుగులు పూస్తాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో గింజ పండుతుంది. నడిమి కాడ కొసన మొదట పూసే పెద్ద గొడుగు గింజలే బరువుగా ఉంటాయి, బాగా మొలుస్తాయి. పక్క కొమ్మల గింజలు తీసుకోకుండా వదిలేయడం మంచిది.

రోడ్డు పక్కన అడవి పార్స్నిప్ పూసి ఉంటే మాత్రం విత్తనం కట్టడం దండగ. రెండూ ఒకే జాతి, తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. 1840ల చివర్లో సైరెన్‌సెస్టర్ వ్యవసాయ కళాశాలలో ప్రొఫెసర్ జేమ్స్ బక్‌మన్ అడవి పార్స్నిప్ గింజతోనే మొదలుపెట్టి, ఏటా మంచి దుంపని ఏరుకుంటూ పోయి, చివరికి 1860లో సటన్స్ విత్తనాల కంపెనీ ద్వారా మార్కెట్‌లోకి వచ్చిన ద స్టూడెంట్ రకాన్ని తయారుచేశాడు. అన్నేళ్ల ఏరివేతతో వచ్చిన మంచి దుంప ఒక్క కలయికతో మళ్లీ సన్నటి వేరువైపు జారిపోగలదు. మా సైట్ పక్క రైల్వే కట్ట మీద జూలైలో ఒకసారి చూసి రమ్మన్నాను. అక్కడ పసుపు గొడుగులు కనబడితే ఈ ఏడు విత్తనం ఆశ వదులుకుని కొత్త ప్యాకెట్ కొనుక్కుంటారు. లేకపోతే సెప్టెంబర్‌లో కోసి, నీడన ఆరబెట్టి, కాగితం కవర్‌లో వేసి ఇంట్లో చల్లటి గదిలో పెడతారు. ఎటైనా సరే, మార్చిలో ముందు టేక్‌అవే డబ్బా, తడి కాగితం, పాతిక గింజలు. అందులో సగానికి తగ్గకుండా మొలిస్తేనే మడి గీస్తారు.